కోటు తొడుక్కున్న కంప్యూటరు

3వ తారీకు, మంగళవారం

ఈ డైరీ చెల్లి ఇచ్చింది. పోయినేడాదిది, ఒక్క పేజీ కూడా వాడలేదు. నీకు కలిగే ప్రతి భయమూ నాకు చెప్పకక్కా, ఇందులో రాసుకో, నేను పని చేసుకోవాలి అంది. కోపంగా అనలేదు. తారీకులు కొట్టేసి పైన కొత్తవి రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులున్నా ఎవరూ చూడరు గనక ఫరవాలేదు. చూస్తే? దుప్పట్ల కింద పెడతాను.

కంప్యూటరు ఇవాళ వచ్చింది. ఎవరో వాడి వదిలేసింది. ఎందుకు వదిలేశారో అడగమన్నాను, చెల్లి అడగలేదు. టీవీ లాంటిది బల్ల మీద, నల్లపెట్టె బల్ల కింద. అసలు పని అంతా కింద పెట్టెదేనట, పైది ఊరికే చూపిస్తుందట. మా చెల్లీ నేనూ కూడా అంతే, పనంతా నాది అనుకున్నాను, పైకి అనలేదు.

లోపల లైనక్స్ అని ఒకటుందట. యంత్రాన్ని నడిపించేది అదేనని, పాత యంత్రాలకి అదే తేలికని, దీన్ని అమ్మి తెచ్చిపెట్టిన కొట్టాయన చెప్పాడు. బండికి డ్రైవరు లాంటిదన్నమాట. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, దుమ్ము మాత్రం పడనివ్వకండమ్మా, దుమ్ము పడితే చస్తుంది అన్నాడు. ముఖ్యమైన మాటలన్నీ మనుషులు గుమ్మంలోనే ఎందుకు చెప్తారో.

4వ తారీకు, బుధవారం

లైబ్రరీ ఆవిడ పెద్ద రిజిస్టరు తెచ్చి ఇచ్చింది. ఎప్పటెప్పటి పుస్తకాల పేర్లో, అన్నీ చేత్తో రాసినవి. నాలుగు వందల పన్నెండు పేజీలు. అవన్నీ ముప్పయ్యో తారీకులోపు కంప్యూటరులోకి ఎక్కాలి. ఎక్కితే ఇలాంటివి ఇంకా తొమ్మిది ఉన్నాయి, అవీ చెల్లికే. ఎక్కకపోతే బయట వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఆవిడ ఈ మాట చాలా మర్యాదగా చెప్పింది. మర్యాదగా చెప్పినవే నాకు ఎక్కువ భయం.

చెల్లి ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసులో టైపిస్టు. రిటైరయ్యాక ఏడాదిపాటు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో. వేళ్లు మాత్రం చీర మీద కదులుతూ ఉండేవి. ఏం కొడుతున్నావే అంటే ఏమీ లేదు అనేది. ఏడాది అంతా ఏమీ లేదనే కొట్టింది.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి టకటక మొదలైంది. వంటింట్లో ఉన్నాను. స్టవ్వు ఆపి విన్నాను.

మధ్యాహ్నం మా ఆయన కోటు బయటికి తీశాను. పోయి ఆరేళ్లయినా దానికి ఇంకా పని దొరకలేదు. చేతులు విప్పేసి, భుజాలు కుట్టేసి, పెట్టెకి సరిపడా తొడుగు చేశాను. చిత్రం, మూడో గుండీ కాజా సరిగ్గా పెట్టె మీటకి ఎదురుగా వచ్చింది. వేలు పెట్టి నొక్కుకోవచ్చు. ఇక దుమ్ము ఎలా పడుతుందో చూస్తాను.

చెల్లి చూసి నవ్వి, సరేలే, పని అయ్యాక తొడుగు అంది.

5వ తారీకు, గురువారం

పద్దెనిమిది పేజీలు. రోజుకి పదహారు చాలు.

పని అయ్యాక తొడిగి, పొద్దున్నే తియ్యడం, మళ్లీ తొడగడం. ఈ మోకాళ్లతో బల్ల కిందకి రోజుకి రెండుసార్లు దూరడం నా వల్ల కాదు. దుమ్ము మాత్రం పని వేళలు చూసుకుని వస్తుందా? ఉంచేశాను. పొద్దున మీట నొక్కేది ఎలాగూ నేనే. చెల్లికి దూరం చూపు లేదు, బల్ల కిందకి వంగే అలవాటూ లేదు.

7వ తారీకు, శనివారం

పది పేజీలే. అక్షరం కొడితే వెంటనే రావట్లేదట. కొట్టి, ఊపిరి తీసుకుని, అప్పుడు వస్తోందట. మెట్లెక్కేటప్పుడు నేనూ అంతే.

పెట్టెలోంచి మోత కూడా వస్తోంది, లోపల ఎవరో విసనకర్రతో పోట్లాడుతున్నట్టు. చెల్లికి చెవుల్లో పడితే తప్పులు దొర్లుతాయని కోటు మీద పాత తువ్వాలు కూడా చుట్టాను. మోత కొంచెం తగ్గింది.

బల్ల కింద కాళ్లకి వెచ్చగా హాయిగా ఉంది అంది చెల్లి. ఈ చలిలో అదొక్కటే మేలు.

8వ తారీకు, ఆదివారం

ఏడు.

9వ తారీకు, సోమవారం

చెల్లి పిలిస్తే కంప్యూటరు మెకానిక్కు వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చొక్కా జేబులో ఒక టార్చిలైటు, అదీ పట్టపగలు. చెల్లి అతని వెనక టార్చిలైటు అనే పేరు పెట్టింది. నాతో ముందు అని, తర్వాత నువ్వు అనకు సుమా అంది.

అతను గేటు తీసిన చప్పుడు వినగానే కోటూ తువ్వాలూ తీసేశాను. వీపు మీద అతుకు ఉంది దానికి. ముసలావిడ పెట్టెకి మొగుడి కోటు తొడిగిందని నలుగురికీ చెప్పుకోడూ?

ముందు అతనికి ఎదురుగా కాఫీ పెట్టేసరికి, తాగేసరికి, కుశలం అడిగేసరికి అరగంట. తర్వాత కూర్చున్నాడు. తెర మీద నల్లటి కిటికీ లాంటిది తెరిచి టాప్ అని ఏదో కొట్టాడు. ఎవరెవరు ఎంతెంత మింగుతున్నారో వరసగా పట్టీ వచ్చింది. ఇంట్లో కూడా అలాంటిది ఉంటే బాగుండేదని ఆయన ఉన్న రోజుల్లో అనుకునేదాన్ని. చెల్లి ఇంటర్నెట్టులో ముప్పై రెండు పేజీలు తెరిచి ఒక్కటీ మూయలేదట. అవి మూసేశాడు. చెల్లి ముఖం ఎర్రబడింది.

టకటక బ్రహ్మాండంగా పరిగెత్తింది. ఇదుగో చూశారా మేడమ్ అని వెళ్లిపోయాడు. నేను తలుపేసి వచ్చి కోటు తొడిగాను.

10వ తారీకు, మంగళవారం

ఎనిమిది. ముప్పై రెండూ మూసే ఉంచింది పాపం. అయినా అదే తీరు.

12వ తారీకు, గురువారం

టార్చిలైటు మళ్లీ వచ్చాడు. ఈసారి పెట్టె విప్పాడు. లోపల ఒక్క దుమ్ము కణం లేదు. ఇంత శుభ్రంగా ఉన్న పాత యంత్రం నేను చూడలేదు పెద్దమ్మా అన్నాడు నాతో. ఇన్నేళ్లలో నన్ను మెచ్చుకున్న మొదటి మగవాడు.

మెమరీ తక్కువగా ఉందట. మెమరీలో చోటు చాలనప్పుడు డిస్కు మీద రాసుకుని, మళ్లీ వెతికి చదువుకుంటుందట, అందుకే ఆలస్యం. అంటే అదీ డైరీ రాసుకుంటోంది. చచ్చిపోయిన వేరే కంప్యూటరులోంచి తీసిన ముక్క ఒకటి దీనికి పెట్టాడు. చచ్చినదాని జ్ఞాపకాలు ఇందులోకి వస్తాయేమోనని అడిగాను. రావన్నాడు. నాకు పూర్తిగా నమ్మకం లేదు.

పెట్టాక గంటసేపు కూర్చుని చూశాడు. ఎక్కడా ఆగలేదు.

వెళ్లాక నలభై నిమిషాలు బాగా నడిచింది. తర్వాత మామూలే. వైద్యుడు గుమ్మంలోకి రాగానే లేచి కూర్చునే రోగులుంటారు. మా అత్తగారు అంతే. వైద్యుడు వెళ్లగానే మళ్లీ మూలిగేది.

13వ తారీకు, శుక్రవారం

ఆరు. చెల్లి అన్నం సగం వదిలేసింది. ఏమీ అడగలేదు నేను. ఇందులో రాసుకోమంది కదా. ఆ సగం అన్నం ఆరోగ్యానికి మంచిది కాదు. రాశాను.

16వ తారీకు, సోమవారం

టార్చిలైటు మూడోసారి. డిస్కు చూశాడు, బాగుందన్నాడు. తెర మీద వచ్చే హంగులన్నీ తీసేసి తేలికపాటి తెర పెట్టాడు. అతను ఉన్నంతసేపూ గుర్రమే.

ఈసారి అతను చెల్లి వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. నా కళ్లముందు ఒక్కసారి కూడా ఆగలేదు మేడమ్, మీరు కొట్టేటప్పుడే ఎందుకు ఆగుతుందో మరి అన్నాడు. తప్పుగా అనలేదు, నిజమే అన్నాడు. చెల్లి గోరు కొరికింది. అరవయ్యేళ్ల మనిషి.

వెళ్తూ నన్ను పక్కకి పిలిచి, చీటీ మీద ఇంగ్లీషులో ఒక మాట రాసిచ్చాడు. నల్ల కిటికీలో ఇది కొట్టి, వచ్చిన అంకె ఫోనులో చెప్పు పెద్దమ్మా, అది ఆగినప్పుడే కొట్టాలి సుమా అన్నాడు. నల్ల కిటికీ ఎలా తెరవాలో రెండుసార్లు చూపించాడు. సెన్సార్స్ అట. ఏడక్షరాలు. పాములాంటి అక్షరం మూడుసార్లు వస్తుంది.

17వ తారీకు, మంగళవారం

చెల్లి స్నానానికి వెళ్లినప్పుడు కొట్టాను. పాము దొరికింది, మిగతావి పోల్చుకుని ఒక్కొక్కటే నొక్కాను. ఏదన్నా పేలితే?

పేలలేదు. అంకె వచ్చింది. తొంభై ఆరు. పక్కన చిన్న సున్నా.

ఒంటి వేడి అన్నమాట. మనిషికి తొంభై ఎనిమిదిన్నర ఉండాలి. పిల్లలకి థర్మామీటరు పెట్టిన చెయ్యి నాది, నాకు తెలియదా. పాపం ఇది చల్లబడిపోయింది. ఈ చలికి అదెలా పని చేస్తుంది? ఆయన మఫ్లరు తెచ్చి వెనకవైపు, గాలి వచ్చే సందుల దగ్గర గట్టిగా చుట్టాను.

నాలుగు పేజీలు. మొత్తం నూట నలభై.

18వ తారీకు, బుధవారం

పొద్దున టకటక లేదు. చెల్లి బల్ల దగ్గర కాగితం పెట్టుకుని కలంతో రాస్తోంది. యంత్రం ఉండగా కలంతో ఎందుకు అన్నాను. లైబ్రరీ ఆవిడ శనివారం వస్తుంది, రిజిస్టరు తిరిగి ఇచ్చేస్తున్నాను, ఉత్తరంతో కలిపి ఇస్తాను అంది.

యంత్రం బాగుపడుతుందిలే అన్నాను.

"యంత్రానికేం అక్కా? అతని ముందు బాగానే నడుస్తుంది. నా ముందే నడవదు. అంటే తప్పు నాది. వేళ్లు పోయాయి నాకు. నేనే ఒప్పుకోలేకపోయాను."

ఈ మాటలు మామూలుగానే అంది, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు.

మధ్యాహ్నం టార్చిలైటుకి వీధి చివర కొట్టు నుంచి ఫోను చేశాను. ఇంట్లోంచి చేస్తే చెల్లికి వినపడుతుంది. తొంభై ఆరు అన్నాను. లైను పోయిందనుకున్నాను.

"పెద్దమ్మా, నీళ్లు వందకి మరుగుతాయి."

అయితే అన్నాను.

అయితే ఆ అంకె మనిషి జ్వరం లెక్క కాదట, నీళ్ల లెక్కట. లోపల ఇంకో నాలుగు ఎక్కితే కుతకుత ఉడుకుతుందట. అంత వేడెక్కితే అది కాలిపోకుండా తనకి తానే నెమ్మదిస్తుందట. నేనున్నప్పుడు దానికి గాలి ఆడుతోంది, వెళ్లాక ఆడట్లేదు, దాని మీద ఏమన్నా కప్పారా అని అడిగాడు.

లేదన్నాను.

అబద్ధం కాదు. కప్పలేదు, తొడిగాను.

19వ తారీకు, గురువారం

చెల్లి పొద్దున నడకకి వెళ్లింది. యంత్రం నిన్నటి నుంచీ ఆపలేదు, లోపల ఏదో పని చేసుకుంటూ రొప్పుతోంది.

ఏడక్షరాలు కొట్టాను. తొంభై ఏడు.

మఫ్లరు తీశాను. పది నిమిషాలు ఆగాను. తొంభై రెండు.

తువ్వాలు తీశాను. ఎనభై ఏడు.

కోటు గుండీలు విప్పాను. ఎనభై.

కోటు మొత్తం తీశాను. యాభై మూడు. మోత ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయి నా గుండె నాకు వినిపించింది.

నమ్మకం కుదరక మళ్లీ తొడిగాను. ఎక్కింది. తీశాను. దిగింది. నాలుగుసార్లు చేశాను. మోకాళ్లు పోయాయి. నాలుగుసార్లూ అంతే.

కోటు మడత పెట్టి బీరువాలో పెట్టేశాను. ఇక ఎటూ బాగానే నడుస్తుంది గనక చెప్పాల్సిన అవసరం లేదు. చెల్లి కూర్చుంటే తనకే తెలుస్తుంది. కొట్టాయన దుమ్ము అన్నాడు గానీ వేడి అనలేదు. గుమ్మంలో ఒక్క మాటే ఎందుకు చెప్పాలి, రెండూ చెప్పొచ్చు కదా.

20వ తారీకు, శుక్రవారం

చెల్లి కూర్చోలేదు.

ఒక్కసారి కొట్టి చూడవే అన్నాను. చాలక్కా అంది. ఇంకోసారి అన్నాను. అక్కా, చాలు అంది.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో. మధ్యాహ్నం దాకా వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను. వేళ్లు కదలట్లేదు.

ఆ ఏడాది అంతా కదిలాయి. ఇవాళ కదలట్లేదు.

పాలు పొంగిపోయాయి.

20వ తారీకు, సాయంత్రం

ఉత్తరం కవరులో పెట్టి రిజిస్టరు మీద ఉంచింది. అంటించలేదు. చదివాను. కూడబలుక్కుంటూ చదివేసరికి చాలాసేపు పట్టింది. "వయసు రీత్యా నా వేగం తగ్గిందని గ్రహించాను, క్షమించగలరు" అని ఉంది. ఎంత చక్కటి దస్తూరి.

రేపు పదకొండింటికి ఆవిడ వస్తుంది.

చెప్తే ఏమంటుంది? ఏమన్నా అంటే పడతాను. ఏమీ అనకపోతే? నేను చేసిందంతా మంచికేనని తనకి తెలుసు. తెలుసా? చిన్నప్పటి నుంచీ దానికి అన్నీ నేనే చేశాను. అన్నీ.

21వ తారీకు, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొమ్మిదింటికి కోటు బీరువాలోంచి తెచ్చి కిటికీ దగ్గర చెల్లి ఒళ్లో పెట్టాను. మఫ్లరూ తువ్వాలూ కూడా.

"పని చేసేటప్పుడు కూడా తియ్యలేదే నేను. మొదటి రోజు నుంచీ."

"ఏమిటి తియ్యలేదు?"

"ఇవి. దానికి ఊపిరాడలేదు. నీ వేళ్లకి ఏమీ కాలేదు."

కోటు కాజాలోంచి వేలు దూర్చి చూసింది.

"టార్చిలైటు వచ్చినప్పుడు?"

"తీసేదాన్ని."

"ఎందుకూ?"

"సిగ్గేసి."

లేచి వెళ్లి బల్ల ముందు కూర్చుంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, పరీక్ష రాసేది నేనైనట్టు. రిజిస్టరు తెరిచింది, నూట నలభై ఒకటో పేజీ. ముందు ఒక్క వేలితో కొట్టింది. తర్వాత రెండు చేతులూ పెట్టింది. అక్షరాలు వేళ్ల వెంటే వచ్చాయి, తల్లి వెంట కోడిపిల్లల్లా. పేజీ చివరిదాకా ఆగలేదు. పేజీ తిప్పింది. అది కూడా కొట్టేసింది. ఇంకోటి తిప్పింది. నేను ఉన్నానని మరిచిపోయిందనుకున్నాను.

"చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మూడు దుప్పట్లు కప్పావు. గుర్తుందా?" తల తిప్పకుండానే అడిగింది.

"చెమట పట్టి తగ్గింది కదా."

"తగ్గలేదు. డాక్టరు వచ్చి మూడూ లాగి పారేశాక తగ్గింది."

ఇన్నేళ్లూ నాకు గుర్తున్నది వేరు. ఏది నిజమో అడగడానికి అమ్మ లేదు. చెల్లి చెప్పిందే నిజమై ఉంటుంది, దుప్పట్ల కింద ఉన్నది తను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. పదిన్నరకి మాత్రం, పద్నాలుగు రోజులక్కా అంది. ఒక్కసారే అంది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడిగాను, కడిగినవే మళ్లీ కడిగాను.

పదకొండింటికి లైబ్రరీ ఆవిడ వచ్చింది. నేను కాఫీ ఇస్తూ కవరు వైపే చూస్తున్నాను. ఎంతవరకు వచ్చిందండీ అని ఆవిడ అడిగింది. ఆలస్యమైంది, యంత్రం ఇబ్బంది పెట్టింది, ఇప్పుడు సరయింది అంది చెల్లి. మెకానిక్కు ఎవరో మంచివాడు దొరికాడన్నమాట, మా లైబ్రరీలో కూడా ఒకటి ఇలాగే ఆగుతోంది, అతని నంబరు ఇస్తారా అందావిడ.

"మెకానిక్కుకి దొరకలేదండీ. మా అక్క కనిపెట్టింది" అంది చెల్లి.

ఆవిడ నా వైపు తిరిగి, అవునా, ఏమిటండీ జబ్బు అని ఎంతో గౌరవంగా అడిగింది. గాలి ఆడాలండీ అన్నాను. ఇంకేం చెప్పను?

ముప్పయ్యికి అవుతుందా అని అడిగితే, అవుతుంది అంది చెల్లి. ఇంకా రెండు వందల డెబ్భై పేజీలున్నాయి. తొమ్మిది రోజులు, ఇవాళ్టితో కలిపి పది. వేళ్ల మీద లెక్కేసుకున్నాను. చెల్లి మాత్రం ఆవిడ వెళ్లేదాకా కూడా ఆగలేదు, మాట్లాడుతూనే పేజీ తిప్పింది.

కవరు కనపడలేదు. తర్వాత చూస్తే ఊగే బల్ల కాలి కింద నాలుగు మడతలు పెట్టి దోపి ఉంది. బల్ల ఊగడం ఆగింది.

22వ తారీకు, ఆదివారం

ముప్పై. తొంభై ఆరు లాంటి వేడి అంకె కాదిది, పేజీలు.

చెల్లి పిలిచింది. గరిటె వదిలేసి వెళ్లాను, మళ్లీ ఆగిందేమోనని. ఆగలేదు. బల్ల కింద వెచ్చదనం పోయింది అక్కా, కాళ్లు జివ్వుమంటున్నాయి, ఆ కోటు ఇటివ్వు అంది.

ఇచ్చాను. మోకాళ్ల మీద కప్పుకుంది. పెట్టెకి తగలకుండా ఇవతలికి జరుపుకో అన్నాను. చూసుకుంటాలే అంది.

26వ తారీకు, గురువారం

ముప్పై ఒకటి. టార్చిలైటు దారిలో కనపడి, చివరికి ఏమిటి పెద్దమ్మా అది అని అడిగాడు. చెప్పాను. ఏ కోటు అన్నాడు. ఉన్ని కోటు, మా ఆయనది అన్నాను. అతను నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. మా ఇంట్లో కూడా ఆవిడ మిక్సీకి గౌను కుట్టింది అన్నాడు.

30వ తారీకు, సోమవారం

నాలుగు వందల పన్నెండు. మధ్యాహ్నం పన్నెండుకి ముందే. లైబ్రరీ ఆవిడ తీసుకెళ్లింది, ఇంకో రిజిస్టరు పెట్టింది. ఇది ఇంకా లావు. ఐదు వందల అరవై. చెల్లి అన్నం పూర్తిగా తిని, అప్పుడే మొదలుపెట్టింది.

ఆ వేగం చూస్తే భయంగా ఉంది. అంత గబగబా కొడితే మణికట్లు ఏమవుతాయి? ఆ కోటు చేతులు రెండూ విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. కొంచెం కత్తిరించి కుడితే మణికట్లకి సరిగ్గా సరిపోతాయి. వెచ్చగా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించాను.

తర్వాత తీసేశాను. సూది డబ్బాలో పెట్టి మూత పెట్టాను.

డబ్బా ఇంకా నా పక్కనే ఉంది. టకటక వినపడుతోంది.